బ్రెస్ట్ సైజు పెంచుతామనే మూలికల క్యాప్సూళ్లు: వాడినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణలంక అమ్మాయి:

అందరికీ నమస్తే. నా వయసు 26. ఊరు విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో, హాస్టల్లో ఉంటున్నాను. మొదటి నుంచీ సన్నంగానే ఉంటాను, ఛాతీ కూడా చిన్నదే. చదువుకునే రోజుల్లో దాని గురించి ఆలోచించిందే లేదు. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పోయిన వారం ఇంటికెళ్తే మా మేనత్త అందరి ముందూ "ఆ బ్లౌజులో ఏదైనా పెట్టుకోవే, చీర నిలబడట్లేదు" అంది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

ఆ తర్వాత ఫోన్‌లో ఏదో వెతికాను. అప్పటి నుంచి ఏ యాప్ తెరిచినా అవే యాడ్స్. ఒకటి కాస్త నమ్మకంగా అనిపించింది. శతావరి, మెంతులు, సోంపు, అశ్వగంధ, ఇంకా ప్యురేరియా అనే థాయిలాండ్ గడ్డ కలిపిన క్యాప్సూళ్లట. మూడు నెలల కోర్సు, రాసుకోవడానికి నూనె ఉచితం. "అంతా సహజం, సైడ్ ఎఫెక్ట్స్ సున్నా" అని రాశారు. వాట్సాప్‌లో అడిగితే డాక్టర్ మేడమ్ అంటూ ఒకావిడ చాలా ఆప్యాయంగా వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆర్డర్ ఇంకా పెట్టలేదు.

నేను రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. పీరియడ్స్ సమయానికే వస్తాయి. ఎవరైనా వాడారా? ఫలితం కనిపించిందా? ఇంట్లో అడగలేక ఇక్కడ అడుగుతున్నాను.

గోంగూర తోట:

చెల్లీ, క్యాప్సూళ్ల సంగతి నాకు తెలియదు గానీ మెంతులు మాత్రం పనిచేస్తాయి. పెళ్లికి ముందు మా పెద్దమ్మ చెబితే రోజూ రాత్రి మెంతులు నానబెట్టి పొద్దున తినేదాన్ని, పైన గ్లాసు పాలు, రెండు ఖర్జూరాలు. బాగానే నిండింది. మనవి ఇంట్లో వస్తువులే కాబట్టి భయం లేదు. బయట మాత్రలు కొనే బదులు ఇది చెయ్యి.

గైనిక్ పీజీ:

గోంగూర తోట గారూ, ఒక్క ప్రశ్న. ఆ రోజుల్లో మీ బరువు కూడా పెరిగిందా?

గోంగూర తోట:

పెరిగింది డాక్టరు గారూ. బాగా సన్నగా ఉండేదాన్ని, మూడు నాలుగు కిలోలు పెరిగాను. బుగ్గలు కూడా వచ్చాయి.

గైనిక్ పీజీ:

అడిగింది అందుకే. రొమ్ములో కొవ్వు భాగం చాలా ఉంటుంది. మనిషి బరువు పెరిగితే అక్కడా కొంత పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఎవరికి ఎక్కడ ఎంత చేరుతుందనేది ఎక్కువగా వంశపారంపర్యం. మీకు మంచి జరిగింది, కాదనను. అయితే అందులో పాలకూ ఖర్జూరాలకూ కూడా వాటా ఉంది. వివరంగా డ్యూటీ అయ్యాక రాస్తాను.

సామర్లకోట పిన్ని:

అమ్మాయ్, ముందు ఆ మేనత్త మాట పట్టించుకోకు. ఆవిడ నోటికి తాళం వెయ్యాల్సింది మీ అమ్మ.

ఇక మెంతుల సంగతి. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెబుతాను, నాకు ముగ్గురు కూతుళ్ల పురుళ్లు పోసిన అనుభవం ఉంది. మా వైపు బాలింతకు మెంతికూర పప్పు, వెల్లుల్లి కారం, పాలసొర పులుసు పెడతాం. పిల్లిపీచర గడ్డలు దంచి పాలలో కాచి ఇచ్చే ఇళ్లూ ఉన్నాయి. మీ ప్రకటనలో శతావరి అంటున్నది ఆ పిల్లిపీచరే. ఇవన్నీ పాలు పడటానికి. బిడ్డ పుట్టి, పాలు దిగే ఒంట్లో, పాలు ఇంకాస్త పడాలని పెట్టేవి. పెళ్లికాని పిల్లకు ఛాతీ పెంచడానికి మా అమ్మ గానీ అమ్మమ్మ గానీ ఏ గడ్డా దంచింది లేదు. బాలింతల రొమ్ము నిండుగా కనిపించేది పాలతో. పాలు మాన్పించాక మళ్లీ మామూలే, కొందరికి ఇంకా జారుతుంది కూడా. బాలింత వంట తీసుకొచ్చి కన్నెపిల్లకు క్యాప్సూల్‌గా అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

ఇంకోటి. చిన్నగా ఉంటే రేపు బిడ్డకు పాలు చాలవని ఎవరైనా అంటారు, నమ్మకు. మా రెండోది నీలాగే ఉంటుంది. ఇద్దరు పిల్లలకూ ఏడాది దాటేదాకా పాలిచ్చింది.

మందుల షాపు:

వరంగల్‌లో మందుల షాపు నడుపుతున్నాను. ఇలాంటి డబ్బాలు పట్టుకొచ్చి "ఇది మంచిదేనా అన్నా" అని అడిగే అక్కాచెల్లెళ్లు చాలామంది వస్తారు.

మొదట అందరికీ తెలియాల్సిన విషయం. మన దేశంలో 1954లోనే ఒక చట్టం వచ్చింది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. ఫలానా జబ్బులకు, ఫలానా పరిస్థితులకు మందు ఉందని ప్రకటనలు ఇవ్వకూడదని దాని షెడ్యూల్‌లో 54 అంశాల జాబితా ఉంటుంది. క్యాన్సర్, డయాబెటిస్, మూర్ఛ లాంటి వాటి సరసన "స్త్రీ వక్షం ఆకృతి, నిర్మాణం" అనే అంశం కూడా ఉంది. అంటే ఈ మందుతో రొమ్ము సైజు పెరుగుతుందని ప్రకటన ఇవ్వడమే నేరం. అల్లోపతి అయినా ఆయుర్వేదం అయినా ఒకటే. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. డెబ్బై ఏళ్ల కిందటే చట్టం రాసినవాళ్లకు ఈ వ్యాపారం తెలుసన్నమాట.

చట్టంలోని మందు అనే నిర్వచనం నుంచి ఆహారానికి కొంత మినహాయింపు ఉంది. అందుకని కొన్ని కంపెనీలు మందు లైసెన్సు జోలికి పోకుండా ఆహార లైసెన్సు, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు తీసుకుని ఫుడ్ సప్లిమెంట్ అని అమ్ముతాయి. కానీ ఆహారంగా అమ్మితే మందులా పనిచేస్తుందని చెప్పుకునే హక్కు ఉండదు. డబ్బా మీద "మహిళల సంపూర్ణ ఆరోగ్యానికి" అని మర్యాదగా రాస్తారు. సైజు మాటలన్నీ వాట్సాప్‌లోనే. గమనించండి.

చెల్లీ, ఆ డబ్బా ఫొటో ఉంటే లేబుల్ మీద ఏముందో ఇక్కడ రాయి. కంపెనీ పేరు వద్దు.

కృష్ణలంక అమ్మాయి:

థ్యాంక్స్ అన్నా. వెనక వైపు ఫొటో అడిగితే పంపారు. "ప్రత్యేక మూలికల మిశ్రమం 500 మిల్లీగ్రాములు" అని ఉంది, కింద పేర్లు వరసగా ఇచ్చారు, ఏది ఎంతో లేదు. 14 అంకెల నంబరు ఉంది. ఆయుర్వేద ఔషధం అని ఎక్కడా లేదు. నూనె సీసా మీద తయారీ తేదీ తప్ప ఇంకేమీ లేదు.

మందుల షాపు:

మీరు చెప్పినదాంట్లో రెండు లోపాలున్నాయి. ఒకటి, ఏది ఎంత ఉందో తెలియకపోతే మీ డాక్టరు కూడా ఏమీ చెప్పలేరు. ఆ 500లో 490 సోంపు పొడి ఉండొచ్చు, లేదా ఆ థాయి గడ్డే సగం ఉండొచ్చు. రెండు, ఆయుర్వేద మందుకైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, గడువు ఉండాలి, ఆ నూనె సీసా మీద అవేవీ లేవు.

ఇంకా భయం కలిగించేది లేబులే లేని పొడులు. "లావయ్యే పొడి", "ఒళ్లు వచ్చే పొడి" అని సంతల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఛాతీకి కూడా అవే ఇస్తారు. కొన్నింటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్, ఆకలి పెంచే సైప్రోహెప్టడిన్ కలుపుతారు. తిన్న కొన్నాళ్లకే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, జనం "పనిచేసింది" అనుకుంటారు. షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు బలహీనపడతాయి. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ఇంకా ప్రమాదం. అప్పటికే ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గిపోయి ఉంటుంది, నీరసం, వాంతులు, బీపీ పడిపోయి ఆస్పత్రి పాలవుతారు. అలాంటి పొడి వాడుతున్నవాళ్లు ఈ చర్చ చదువుతుంటే మీకు మీరుగా మానకండి, ఆ పొట్లంతో సహా ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి.

నిడదవోలు శ్రీ:

నేను వాడాను. ఇదే కంపెనీయో కాదో తెలియదు, కానీ ఆ థాయి గడ్డ ఉన్నదే. మొదట్లో రొమ్ములు బరువుగా, ముట్టుకుంటే నొప్పిగా అనిపించాయి. పీరియడ్స్‌కి ముందు ఉండే వాపు లాంటిదే, కాకపోతే నెలంతా ఉండేది. అద్దంలో కొంచెం తేడా కనిపించినట్టే ఉండేది, సంతోషపడ్డాను. తర్వాత పీరియడ్ ఆలస్యమైంది, మధ్యమధ్యలో మరకలు. అమ్మేవాళ్లను అడిగితే "శరీరం శుద్ధి అవుతోంది, ఆపకండి" అన్నారు. చివరికి గైనకాలజిస్టు స్కాన్ చేయించి, రక్తపరీక్షలు రాసి, అన్నీ మాన్పించారు. ఆపిన కొన్ని వారాలకు పీరియడ్స్ దారిన పడ్డాయి. ఆ వాపు పోయింది, బ్రా సైజు పాతదే.

"శుద్ధి అవుతోంది" అనే మాట మీకు ఎవరైనా చెబితే, అక్కడితో మాట్లాడటం ఆపేయండి.

యోకొహామా నుంచి:

పైన శ్రీ గారు రాసింది చదివి ఆగలేకపోయాను. మేము జపాన్‌లో ఉంటాం. ఇక్కడ ఈ ప్యురేరియా మిరిఫికా గొడవ దేశమంతా తెలుసు. అందం కోసం, ఛాతీ కోసం అని పడుచు అమ్మాయిలకు సప్లిమెంటుగా విపరీతంగా అమ్మారు. 2017 జులైలో ఇక్కడి జాతీయ వినియోగదారుల కేంద్రం బహిరంగంగా హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు అయిదేళ్లలో వాళ్లకు రెండు వందలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. కడుపునొప్పి, దద్దుర్లతో పాటు పీరియడ్స్ తప్పడం, మధ్యలో రక్తస్రావం లాంటివి ఉన్నాయి. అచ్చం శ్రీ గారు చెప్పినవే.

2020 జూన్ నుంచి ఇక్కడి ఆహార చట్టం కింద నాలుగు పదార్థాలను ప్రత్యేక జాబితాలో పెట్టారు. అందులో ఇదొకటి, బ్లాక్ కోహోష్ అనే మూలిక ఇంకొకటి. వీటితో చేసిన సరుకు వల్ల ఎవరికైనా ఆరోగ్యం చెడిందని తెలిస్తే కంపెనీ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలి. అలాంటి నిఘా ఉన్న దేశంలోనే అమ్మాయిలు ఇంత ఇబ్బంది పడ్డారు. అదే గడ్డ పొడి ఏ నిఘా లేకుండా మన ఊళ్లకు కొరియర్‌లో వస్తోంది.

సహజ మార్గం:

అందరూ కలిసి భయపెడుతున్నారు. థాయిలాండ్‌లో తరతరాలుగా వాడుతున్న గడ్డ అది. వాళ్లకేమీ కాలేదే? అల్లోపతి మందులకు మాత్రం సైడ్ ఎఫెక్ట్స్ లేవా? ప్రకృతి ఇచ్చినదాన్ని అనుమానించడం మనకు అలవాటైపోయింది. ఆయుర్వేదంలో స్తనాల కోసం తైలాలే ఉన్నాయి, చదువుకోండి.

ఆయుర్వేద వైద్యురాలు, తిరుపతి:

సహజ మార్గం గారూ, నేను బీఏఎంఎస్, అంటే ఆయుర్వేద వైద్య డిగ్రీ చదివి వైద్యం చేస్తున్నదాన్ని. ఆయుర్వేదం పేరు ఎత్తారు కాబట్టి నేను జవాబు చెప్పాలి.

తైలం ఉన్నమాట నిజం. శ్రీపర్ణీ తైలం. శ్రీపర్ణి అంటే గుమ్మడిటేకు చెట్టు. జారిన స్తనాలకు పటుత్వం కోసమని పాత గ్రంథాల్లో చెప్పారు. కాబట్టి మన వాళ్లకు ఈ ఆలోచనే లేదని నేను అనను. కానీ దాని మీద ఇవాళ మనం నమ్మదగినంత పరీక్షలు జరగలేదు. నేను నా పేషెంట్లకు సైజు పెరుగుతుందని చెప్పి దాన్ని ఇవ్వను. నూనె రాసి మర్దన చేస్తే చర్మం మెత్తగా ఉంటుంది, రక్తం బాగా ప్రసరించి కాసేపు నిండుగా అనిపిస్తుంది. దాంతో సరి.

శతావరి విషయంలో పిన్ని గారు చెప్పిందే సరైనది. చరకంలో స్తన్యజననం అని ఒక వర్గమే ఉంది. స్తన్యం అంటే పాలు. స్తనం పెంచడం అనే వర్గం లేదు. పైగా ఆయుర్వేదంలో ఏ మందైనా మనిషి ప్రకృతి, జీర్ణశక్తి, వయసు, రుతువు చూసి ఇస్తాం. నాడి చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా వాట్సాప్‌లో అందరికీ ఒకే డబ్బా పంపడం ఏ శాస్త్రంలోనూ లేదు. ఆ అమ్మాయి థైరాయిడ్ మాత్ర వేసుకుంటోందని ఆ డాక్టర్ మేడమ్ అడిగారా?

అశ్వగంధ చాలా మంచి మందు, నేను రోజూ రాస్తాను. అయితే అది కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది. థైరాయిడ్ మాత్రతో కలిస్తే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి రావచ్చు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా నమోదయ్యాయి. ఇలాంటి మిశ్రమాల్లో అతిమధురం కూడా కలుపుతుంటారు. ఎక్కువకాలం తింటే అది బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది. మెంతులు మోతాదు మించితే షుగర్ తగ్గిస్తాయి, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం భయం ఉంటుంది. మందు అన్నాక పనిచేస్తుంది, పనిచేస్తే మంచీ చెడూ రెండూ ఉంటాయి. సహజం కాబట్టి ఏమీ కాదనడం మా మూలికలను గౌరవించడం కాదు, వాటికి శక్తి లేదనడమే.

థాయిలాండ్ సంగతి: అక్కడ ఆ గడ్డను వాడింది వయసు మళ్లినవాళ్లకు ఓపిక రావడానికి. 1931లో అక్కడ అచ్చయిన ఒక చిన్న పుస్తకంలోనే మిరియపు గింజంత మోతాదు చెప్పి, పడుచువాళ్లు వాడవద్దని రాశారు. తరతరాల జ్ఞానం అంటే ఆ హెచ్చరిక కూడా అందులో భాగమే కదండీ.

సహజ మార్గం:

మేడమ్, ఆ చివరి విషయం నాకు తెలియదు. మీరు ఆయుర్వేదం తరఫునే మాట్లాడుతున్నారని అర్థమైంది. కానీ మంచి కంపెనీలు కూడా ఉంటాయి, అందరినీ ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం.

ఆయుర్వేద వైద్యురాలు, తిరుపతి:

మంచి కంపెనీలు ఉన్నాయి. వాళ్లు శతావరి చూర్ణాన్ని శతావరి చూర్ణమని అమ్ముతారు. కప్పు సైజులు చెప్పి అమ్మరు.

గైనిక్ పీజీ:

డ్యూటీ ఇప్పుడైంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రొమ్ములో ఉండేది పాల గ్రంథులు, నాళాలు, వాటి చుట్టూ కొవ్వు, పట్టి ఉంచే కణజాలం. కండరం లేదు, అది కింద ఛాతీ ఎముకల మీద ఉంటుంది. యుక్తవయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను వల్ల నాళాలు పెరుగుతాయి, తక్కిన హార్మోన్లు తోడవుతాయి. చాలామందిలో 18 ఏళ్ల ప్రాంతానికి ఈ పెరుగుదల పూర్తవుతుంది. ఆ తర్వాత మార్పులు వచ్చేది బరువుతో, గర్భంతో, పాలివ్వడంతో, మెనోపాజ్‌తో.

ఇప్పుడు ఈ మూలికల వాదన ఏమిటంటే, మొక్కల్లో ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలున్నాయి కాబట్టి అవి తింటే మళ్లీ యుక్తవయసు లాంటి పెరుగుదల వస్తుందని. మొదటి సగం నిజం. సోయాలో, ఆ థాయి గడ్డలో, బీరులో వేసే హాప్స్‌లో అలాంటివి ఉన్నాయి. రెండో సగం నిలబడదు. ఈస్ట్రోజెన్ అతుక్కునే గ్రాహకాలు రెండు రకాలు, ఆల్ఫా, బీటా. రొమ్ము నాళాలు పెరిగేది ముఖ్యంగా ఆల్ఫా ద్వారా. సోయాలో ఉండే జెనిస్టీన్ లాంటివి బీటాకే ఎక్కువ అతుక్కుంటాయి. పైగా పీరియడ్స్ సక్రమంగా వచ్చే అమ్మాయిలో సొంత ఈస్ట్రోజెన్ సరిపడా ఉన్నట్టే. పెరగాల్సింది దానితోనే పెరిగింది. ఆలోచించండి, గర్భనిరోధక మాత్రల్లో మొక్కల కన్నా ఎంతో బలమైన ఈస్ట్రోజెన్ ఉంటుంది. అవి ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కూడా కొందరికి కొంత వాపు, నొప్పి వచ్చి పోతాయి తప్ప సైజు పెరిగి స్థిరపడదు.

మెంతుల్లో, అడవి పెండలంలో డయోస్జెనిన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంట్లో ప్రొజెస్టరాన్ అనే ఇంకో ఆడ హార్మోనుగా మారుతుందని కూడా ప్రచారం చేస్తారు. దీని మూలం 1940ల్లో రసెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త మెక్సికోలో చేసిన పని. ఆయన అక్కడి పెండలం నుంచి ప్రొజెస్టరాన్ తయారు చేశాడు, కానీ ప్రయోగశాలలో, వరసగా రసాయన చర్యలు జరిపి. మన ఒంట్లో ఆ మార్పు చేసే ఎంజైములు లేవు.

2003లో ఒక అమెరికన్ ప్రసూతి వైద్య పత్రికలో ఈ రకం ఉత్పత్తుల మీద సమీక్ష వచ్చింది. అప్పటికి వీటిలో దేని మీదా ప్రచురితమైన క్లినికల్ ట్రయల్ ఒక్కటీ లేదని తేల్చారు. ఇన్ని కోట్ల వ్యాపారం చేసేవాళ్లకు టేపు పెట్టి కొలిచే ఒక పరీక్ష చేయించడం కష్టమేమీ కాదు. పనిచేస్తుందని వాళ్లకే నమ్మకం ఉంటే ఎప్పుడో చేసేవారు.

అసలు వాడకూడనివాళ్లు: రొమ్ము లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఇంట్లో దగ్గరి రక్తసంబంధీకులకు వచ్చినవాళ్లు, ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో గడ్డలు), ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు. చాలా రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి పెరిగేవే. మొక్కదైనా సరే, మోతాదు తెలియని ఈస్ట్రోజెన్‌ను అక్కడికి పంపడం నాకు భయంగా ఉంటుంది. చిన్నపిల్లలకు ఎక్కువకాలం సోంపు కషాయం పట్టినప్పుడు వయసు రాకుండానే రొమ్ములు పెరగడం మొదలైన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. భోజనం తర్వాత నాలుగు గింజలు నమిలితే ఏమీ కాదు, కంగారు పడొద్దు.

కృష్ణలంక అమ్మాయీ, చిన్న సైజు అనేది జబ్బు కాదు. ఒక వైపుకీ ఇంకో వైపుకీ కొంచెం తేడా ఉండటం కూడా మామూలే. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది ఎప్పుడంటే: 13 ఏళ్లు దాటినా రొమ్ము పెరుగుదల అసలు మొదలు కాకపోతే, 15 దాటినా రజస్వల కాకపోతే, రెండు వైపులా బాగా తేడా ఉంటే, ఉన్న సైజు ఉన్నట్టుండి తగ్గితే, గడ్డ తగిలితే, చనుమొన నుంచి స్రావం వస్తే, పీరియడ్స్ తప్పుతుంటే. నీకు ఇవేవీ లేవు. థైరాయిడ్‌కి చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే అది మాత్రం చేయించుకో.

డల్లాస్ మాధవి:

అమెరికాలో అమ్మే సీసా అంటే అసలైనదని మన వాళ్లు చుట్టాలతో తెప్పించుకుంటారు, అందుకే రాస్తున్నాను. ఇక్కడ 1994 నాటి సప్లిమెంట్ల చట్టం ప్రకారం ఇలాంటివి అమ్మే ముందు పనిచేస్తుందని గానీ, సురక్షితమని గానీ ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి రుజువు చూపించనక్కర్లేదు. సీసా మీద "ఈ మాటలను ఎఫ్‌డీఏ పరిశీలించలేదు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంతే. నన్ను రెండుసార్లు తెమ్మని అడిగారు, ఆ అక్షరాలు ఫొటో తీసి పంపాను, తేలేదు.

నందిని:

నేను ట్రాన్స్ మహిళను. మా వాళ్లలో చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడి, అవమానాలు తట్టుకోలేక, ముందు ఈ మూలికలనే నమ్ముకుంటారు. మా ఒంట్లో మగ హార్మోను టెస్టోస్టెరాన్ ఉండగా ఈ మొక్కల మాత్రలు చేసేదేమీ ఉండదు. ఫలితం లేకపోయేసరికి మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకు ఇన్నని మింగుతారు. వాటిలోని ఈస్ట్రోజెన్ ఆ మోతాదులో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టేలా చేస్తుంది. ప్రాణం పోతుంది. దయచేసి ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టరును కలవండి. రక్తపరీక్షలు చూస్తూ సరైన హార్మోను ఇస్తారు. రొమ్ము పెరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది, తొందరపడితే ముందుకు జరగదు. కృష్ణలంక చెల్లీ, నీ సమస్య వేరు, నా సమస్య వేరు. అద్దం ముందు నిలబడినప్పుడు ఉండే బాధ మాత్రం నాకు తెలుసు.

కృష్ణలంక అమ్మాయి:

నందిని అక్కా, ఆ చివరి మాటకు థ్యాంక్స్.

తెనాలి టైలర్:

నేను బ్లౌజులు కుడతాను. నాకు తెలిసిన సంగతి చెబుతాను. చీర నిలబడకపోవడం ఒంటి లోపం కాదు, బ్లౌజు కటింగ్ లోపం. సన్నగా ఉన్నవాళ్లకు మామూలు నాలుగు టక్కుల కటింగ్‌లో ముందు భాగం ఖాళీగా వేలాడుతుంది. ప్రిన్సెస్ కట్ పెట్టి, లోపల పల్చటి కప్పులు కుట్టించుకోండి, లైనింగ్ కాస్త గట్టి గుడ్డ వేయించండి. బోట్ నెక్, హై నెక్ చాలా బాగుంటాయి. ఇది మోసం అనుకోవద్దు, పెద్ద ఛాతీ ఉన్నవాళ్లకూ ఒంటికి తగ్గట్టు మేము ఎన్నో సర్దుతాం.

బ్రా కూడా చాలామంది తప్పు సైజు వేసుకుంటారు. ఒంటి చుట్టూ వచ్చే పట్టీ వదులు, కప్పు చిన్నది తీసుకుంటారు. రొమ్ము కింద టేపు బిగుతుగా పెట్టి ఒక కొలత, నిండు భాగం మీద ఇంకో కొలత తీసుకోండి. రెండింటి తేడాను బట్టి కప్పు. పట్టీ సరిగ్గా కూర్చుంటే ఆకారం వెంటనే మారుతుంది.

ఉక్కునగరం:

వ్యాయామం గురించి ఎవరూ చెప్పలేదు. పుష్ అప్స్, డంబెల్ ప్రెస్ చేస్తే రొమ్ము పెరగదు, కింద కండ బలపడుతుంది. భుజాలు వంచి నడిచే అలవాటు పోతుంది. సిగ్గుతో ముందుకు వంగి నడిచే అమ్మాయిలకు నిటారుగా నిలబడటమే పెద్ద తేడా. బరువు మరీ తక్కువ ఉంటే గుడ్లు, పప్పులు, పల్లీలు, నెయ్యి పెంచి తిను. ఆరోగ్యం కోసం తిను. ఎక్కడ చేరుతుందో మన చేతిలో లేదు.

నిడదవోలు శ్రీ:

ఆపరేషన్ సంగతి కూడా ఒక మాట చెప్పండి డాక్టరు గారూ. ఈ చర్చ చదివేవాళ్లలో ఆ ఆలోచన ఉన్నవాళ్లు ఉంటారు.

గైనిక్ పీజీ:

సైజును నిజంగా మార్చేది ఆపరేషనే. ఇంప్లాంటు, లేదా సొంత కొవ్వు తీసి ఎక్కించడం. ఇంప్లాంటు జీవితాంతం ఉండేది కాదు, కొన్నేళ్లకు మార్చాల్సి రావచ్చు. ఎక్కించిన కొవ్వులో కొంత ఒళ్లే పీల్చేసుకుంటుంది. చేసే డాక్టరుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉండాలి, బ్యూటీ క్లినిక్ బోర్డు చూసి వెళ్లొద్దు. పెళ్లి చూపుల తేదీ చూసుకుని తీసుకునే నిర్ణయం మాత్రం కాదు. ఎవరి ఒత్తిడీ లేకుండా తనకు తానుగా కావాలనుకున్నవాళ్లను నేను తప్పుపట్టను.

సామర్లకోట పిన్ని:

డాక్టరమ్మ బాగా చెప్పింది. అమ్మాయ్, ఒకటి అడుగుతాను. మీ అమ్మకు ఈ బాధ తెలుసా?

కృష్ణలంక అమ్మాయి:

పిన్నీ, నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ అత్త నాకు కూడా పెళ్లైన కొత్తలో ఇదే అంది" అంది. నాకు ఈ సంగతి ఇన్నేళ్లూ తెలియదు. అత్తతో తనే మాట్లాడతానంది.

ఆర్డర్ పెట్టడం లేదు. ఆ డాక్టర్ మేడమ్‌ను రెండు ప్రశ్నలు అడిగాను, మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఒక్కో మూలిక ఎంత మోతాదు అని. మొదట "నమ్మకం లేకపోతే ఫలితం రాదు" అని పెట్టారు, తర్వాత నన్ను బ్లాక్ చేశారు. టీఎస్‌హెచ్ పరీక్షకు శనివారం వెళ్తున్నాను. తెనాలి టైలర్ గారూ, ప్రిన్సెస్ కట్‌కి నా దగ్గర ఉన్న పట్టు బ్లౌజు విప్పి కుట్టడం కుదురుతుందా?

మందుల షాపు అన్నా, ఆ యాడ్ మీద ఫిర్యాదు చేయాలంటే ఎలా? నాలాంటి వాళ్లు ఇంకా ఎంతమంది చూస్తున్నారో.

తెనాలి టైలర్:

లోపల కుట్టు మార్జిన్ రెండు వైపులా అంగుళం ఉంటే కుదురుతుందమ్మా. లేకపోతే కప్పులు మాత్రం వేయించు.

మందుల షాపు:

మంచి పని చేశావు చెల్లీ. యాడ్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్, ఆ వాయిస్ మెసేజ్, లేబుల్ ఫొటో, అన్నీ తేదీలతో దాచుకో, బ్లాక్ చేశారు కదా అని చాట్ తీసేయకు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైజు పెరుగుతుందని చెప్పి అమ్ముతున్నారన్న మాట స్పష్టంగా చెప్పు. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకు కూడా రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, అందులో 1954 చట్టం పేరు, షెడ్యూల్‌లోని ఆ అంశం రాయి. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడ పెట్టు, నేను చూసి సరిచేస్తాను. శ్రీ గారూ, మీ దగ్గర పాత డబ్బా, బిల్లు ఉంటే మీరు కూడా ఇవ్వండి. వాడి ఇబ్బంది పడినవాళ్ల ఫిర్యాదుకు బలం ఎక్కువ.

నిడదవోలు శ్రీ:

డబ్బా ఉంది. రేపు ఫొటోలు తీసి పెడతాను.